దొరగారి ఆరో వేలు

సఖినేటిపల్లి దాటి సముద్రంవైపు పోగా పోగా ఒకచోట తారురోడ్డు అయిపోతుంది. అక్కణ్నుంచి కనుచూపుమేర రొయ్యల చెరువులే. ఆ చివరాఖరి చెరువులకి కాపలాదారు సత్తిరాజు. కాపలా అంటే తుపాకీ భుజాన వేసుకుని తిరగడం అనుకునేరు! మేత చల్లడం, నీటికాకుల్ని అదిలించడం, చీకటిపడితే నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో ఆగిపోయాయో చూసుకోవడం. చెరువుల ఆసామి భీమవరంలో ఉంటాడు. పట్టుబడికి వస్తాడు, రొయ్య సైజు చూసుకుంటాడు, కారెక్కి పోతాడు. పెళ్లాం వీరదుర్గ పోయాక సత్తిరాజుకి ఊళ్లో తనదంటూ గుమ్మం మిగల్లేదు. పిల్లా జెల్లా లేరు. గట్టుమీద తాటాకు పాక, నులకమంచం, ఒక కుక్క. అదీ సంసారం.

కుక్క పేరు దొర. కొన్నదీ కాదు, ఒకరిచ్చిందీ కాదు. మూడేళ్ల కిందట గోదారికి పెద్ద వరదొచ్చి లంకలు మునిగాయి చూడండి, ఆ నీళ్లు తీస్తున్న రోజుల్లో మడచెట్ల వేళ్ల మధ్య ఇరుక్కుని కనిపించింది. ఒళ్లంతా బురద, మెడలో ఎర్రతాడు. ఎవరో పెంచుకున్న కుక్కేనని ఆ తాడు చూడగానే సత్తిరాజుకి తెలిసింది. తెలిసే తాడు కోసి కాలవలో పారేశాడు. ఎవర్నీ అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు మాదేనంటారని భయం. తప్పే, కాదనను. కానీ పలకరించే దిక్కులేకుండా ఆ గట్టుమీద ఒక్క వానాకాలం గడిపి చూసినవాళ్లు ఆయన్ని తిట్టమనండి, అప్పుడు వింటాను.

దొరకి పెద్ద జబ్బులేం లేవు. ఉన్నదల్లా ఒక్కటే బాధ. ఎడమ వెనక కాలికి పైన అదనంగా ఒక వేలుంది. ఆ ఆరో వేలు నేలకి ఆనదు, అందుకని దాని గోరు అరగదు. పెరిగి పెరిగి, రింగు తిరిగి, కండలోకే దిగబడుతుంది. అప్పుడు కుంటుతుంది, మూలుగుతుంది, రాత్రంతా నాక్కుంటూ కూర్చుంటుంది. ఏం చెయ్యాలో సత్తిరాజుకి తోచేది కాదు. రొయ్యకి తోక ఎర్రబడితే ఏ మందు వెయ్యాలో చెప్పగలడుగానీ కుక్క కాలిగోరు సంగతి ఆయనకేం తెలుసు!

పోయిన ఏడాది రాజోలు పశువుల ఆసుపత్రిలో కుక్కలకి ఉచితంగా టీకాలు వేస్తున్నారని తెలిసి, మోపెడ్ మీద కాళ్లదగ్గర దొరని కూర్చోబెట్టుకుని వెళ్లాడు. డాక్టరుగారు టీకా వేశారు, గోరు కత్తిరించారు, పంపేశారు. అసలు వైద్యం జరిగింది సత్తిరాజుకి, ఆ వరండాలో. నెలల తరబడి రొయ్యలతో తప్ప మాట్లాడని మనిషి పక్కన ముక్కూమొహం తెలీని పెద్దమనుషులు కూర్చుని, "మీవాడికి విరోచనం గట్టిగా అవుతుందాండీ, పల్చగానాండీ?" అని ఆప్యాయంగా అడుగుతుంటే ఎలా ఉంటుంది చెప్పండి! సత్తిరాజుకి కళ్లనీళ్లు తిరిగినంత పనైంది.

అక్కడ ఎవరికీ సొంత పేర్లుండవు, కుక్కపేరే మనిషి పేరు. బళ్లో పంతులమ్మ సత్యవాణిగారు స్వీటీ అమ్మగారు. బట్టల కొట్టు దుర్గాప్రసాద్ కింగ్ గారు. ఆయన లాబ్రడార్ ఆయనంత లావూ ఉంటుంది, దాని చెవి ఎప్పుడూ కంపుకొడుతూ ఉంటుంది. ఇక సత్తిరాజు ఎవరయ్యాడో వేరే చెప్పాలా? దొరగారు! పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని గారు అన్నవాళ్లే తక్కువ. అలాంటిది "దొరగారండీ, ఇలా ఫ్యానుకిందకి వచ్చి కూర్చోండి" అని పంతులమ్మ అనేసరికి, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

ఆ రోజే సత్యవాణిగారు అందరి నంబర్లూ తీసుకుని వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టారు. పేరు 'మన బుజ్జిగాళ్లు'. సత్తిరాజుకి రాయడం సరిగ్గా రాదుగనక మాటలే రికార్డు చేసి పంపేవాడు. సాయంత్రం మేత చల్లడం అవగానే గట్టుమీద కూర్చుని ఫోన్ తీసేవాడు. అప్పటికే అక్కడ సంత సాగుతూ ఉండేది.

"గోమార్లకి కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాసేమండి, మొత్తం రాలిపోయినియ్యి" అని ఒకరు.

"అయ్యో, కర్పూరం వద్దండీ, నాకేస్తే ప్రమాదం. చేత్తో ఏరెయ్యండి, లేదా డాక్టరుగారి మందు వాడండి" అని సత్యవాణిగారు.

"మా స్వీటీ వాంతి చేసుకుందండి, పసుపచ్చగా" అని ఆవిడే అంటే, "ఆకలి మీద ఉందేమోనండి, కాస్త పెరుగన్నం పెట్టి చూడండి" అని నలుగురు.

ఒకసారి సత్తిరాజు, "మావాడు పొద్దుటినించీ మేత తియ్యటం లేదండి, గట్టువారకొచ్చి తిరుగుతున్నాడండి" అని పంపాడు.

దానికి దుర్గాప్రసాద్, "దొరగారండీ, అది కుక్కాండీ, రొయ్యాండీ?" అన్నాడు. గ్రూపంతా నవ్వుల బొమ్మలు. సత్తిరాజు కూడా నవ్వాడు, బయటికే, గట్టిగా. నీటికాకులు లేచి ఎగిరిపోయాయి.

అసలు సంగతేమిటంటే, కుక్కకి రోజూ జబ్బెక్కడ చేస్తుంది? ఒళ్లు రాయిలా ఉండే కుక్కాయె. జబ్బు లేకపోతే మాటలేదు, మాట లేకపోతే సాయంత్రం గడవదు. అందుకని సత్తిరాజు వెతుక్కునేవాడు పాపం. "ఇవాళ రెండుసార్లు తుమ్మేడండి." "నిద్దట్లో కాళ్లాడించేడండి." "నావంక అదోలా చూసేడండి." అన్నిటికీ ఎవరో ఒకరు ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్లు. ఆ జవాబుల్నే పడుకునేముందు మళ్లీ పెట్టుకుని వినేవాడు.

ఇంతలో గోరు మళ్లీ పెరిగింది. దుర్గాప్రసాద్ సలహా మీద సత్తిరాజు కుక్కల గోళ్ల కత్తెర తెప్పించాడు. దాన్ని చూడగానే దొర చెరువు అవతలి గట్టుకి పారిపోయింది. బతిమాలాడు, చేప ఎర చూపించాడు, తిట్టాడు. లాభం లేకపోయింది. విసుగొచ్చి మంచంమీద కూలబడి, వక్క నములుదామని రొంటినున్న అడకత్తెర తీసి టిక్కుమని నొక్కాడు. అంతే! అవతలి గట్టు మీదనుంచి దొర పరిగెత్తుకొచ్చింది. వచ్చి, ఎదురుగా వెల్లకిలా పడి, ఆ వెనకకాలు ఎత్తి తిన్నగా సత్తిరాజు ఒళ్లో పెట్టి, తల అటు తిప్పుకుని కళ్లు మూసుకుంది. సూదిమందుకి చెయ్యి చాపిన ముసలావిడలాగ!

సత్తిరాజు అడకత్తెర గోరుకి పట్టించి నొక్కాడు. గోరు తెగిపడింది. దొర లేచి దులుపుకుని పోయింది.

ఇంత వింత జరిగితే మనిషన్నవాడు చెప్పకుండా ఉంటాడా? అందులోనూ సత్తిరాజు! ఏ కాలో, ఏ వేలో, అడకత్తెర చప్పుడుకి ఎలా పరిగెత్తుకొచ్చిందో, కళ్లు ఎలా మూసుకుందో, పూసగుచ్చినట్టు చెప్పి పంపాడు. గ్రూపు గ్రూపంతా మురిసిపోయింది. పూర్వజన్మలో మీ అమ్మగారేమోనండి అన్నారొకరు. ఆ సాయంత్రం సత్తిరాజు అన్నం తినడం కూడా మర్చిపోయాడు.

మర్నాడు లావణ్య మాట వచ్చింది. ఆ అమ్మాయి రాజోల్లో బట్టలు కుడుతుంది, తన దగ్గర ఒక కుక్కకూన ఉంది. గ్రూపులో ఎప్పుడోగాని నోరెత్తదు.

"దొరగారండీ, నిన్న మీరు పెట్టింది మా అమ్మమ్మ విన్నారండి. వినీ వినడంతోటే ఏడుపందుకున్నారండి. లంకలో మా అమ్మమ్మకి పండు అని కుక్కుండేదండి. వాడికీ ఎడం ఎనక కాలికే ఆరో వేలండి. అమ్మమ్మ అడకత్తెరతోనే గోరు తీసేవారండి, వాడలాగే ఒళ్లో కాలెట్టేవాడండి. వరదలో పోయేడండి. మీవాడు మీకెక్కడ దొరికేడండీ?"

సత్తిరాజు ఫోన్‌ని తేలుని చూసినట్టు చూశాడు. వెంటనే సత్యవాణిగారు, "దొరగారూ, ఒక ఫోటో పెట్టండి!" అన్నారు. దుర్గాప్రసాద్, "సినిమాలాగుందండీ బాబూ!" అన్నాడు. అందరూ దొరగారూ దొరగారూ అని పిలుస్తున్నారు. ఇన్నాళ్లూ ఎవరైనా పిలిస్తే బాగుండునని చెవులు రిక్కించిన మనిషి, ఫోన్ దిండుకింద పెట్టి దానిమీద కూర్చున్నాడు.

ఇస్తే దొర పోతుంది. ఇవ్వనంటే ఈ మనుషుల మొహం చూడలేడు. మధ్యాహ్నందాకా గట్లమీద తిరిగాడు. దొర వెనకాలే తిరిగింది. ఆ తిరగడంలో బుద్ధి గడ్డి తింది. ఫోన్ తీసి, "చచ్చిపోయేడండి. తెల్లారగట్ల పాము కరిచిందండి" అన్నాడు. వేలు తియ్యగానే ఆ మాట వెళ్లిపోయింది. పక్కన దొర తోక ఆడిస్తూ నిలబడి ఉంది.

ఆ తర్వాత జరిగింది సత్తిరాజు ఊహించలేదు. సత్యవాణిగారు స్వయంగా ఫోన్ చేశారు. "మీరు ఒక్కరూ అక్కడ ఎలా ఉన్నారండీ? భోంచేసేరా?" అని అడిగారు. దుర్గాప్రసాద్ ఫోన్లోనే వెక్కివెక్కి ఏడ్చాడు, అంత లావు మనిషి. "మా కింగ్ పోతే నేనేమైపోతానండీ" అన్నాడు. వీరదుర్గ పోయినప్పుడు కూడా సత్తిరాజుని ఇంతమంది ఓదార్చలేదు. ఒక్కో ఫోనూ వస్తుంటే ఆయనకి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతోంది. ఇక మీదట ఈ మనుషులకి చెప్పడానికి తన దగ్గర తుమ్ము కూడా లేదు.

చివర్న లావణ్య. "అమ్మమ్మ వస్తానంటున్నారండి. పాతిపెట్టిన చోటు ఓసారి చూడాలంటండి."

వద్దని ఎలా అంటాడు? ఆయ్ అన్నాడు.

ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే పారతో కొబ్బరిచెట్టు పక్కన మట్టి తవ్వి కుప్ప పోశాడు. నక్కలు పెళ్లగించకుండా వేస్తారు చూడండి, అలా పైన తుమ్మకంప కూడా పరిచాడు. అబద్ధమాడ్డంలో ఆయనకి ఇంత నేర్పుందని ఆయనకే తెలీదు. దొరని తీసుకెళ్లి మోటారు షెడ్డులో కట్టేసి తలుపు వేశాడు. మొరిగితేనో? పట్టపగలు, ఎండ మాడ్చేస్తుంటే, అన్ని చెరువుల ఏరియేటర్లూ వేసేశాడు. ఆ హోరులో పక్కనున్న మనిషి మాటే వినబడదు. ఆసామి చూస్తే పిచ్చెక్కిందనుకునేవాడు.

ఆటో దిగి లావణ్య అమ్మమ్మ దీనమ్మ గట్టుమీద మెల్లిగా నడిచి వచ్చింది. తెల్లచీర, బక్క మనిషి, చేతిలో గుడ్డసంచి. లావణ్య ఆటో దగ్గరే ఉండిపోయింది.

"ఎక్కడ బాబూ?" అంది.

సత్తిరాజు చూపించాడు. ఆవిడ కుప్ప పక్కన కూర్చుని తుమ్మకంప ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. అరచెయ్యి మట్టిమీద ఆనించింది. ఆ తర్వాత మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఏరియేటర్ల హోరుకి సత్తిరాజు పక్కనే గొంతుక్కూర్చోక తప్పలేదు.

"పడవోళ్లొచ్చి మనుషులే ఎక్కాలన్నారు బాబూ. ఇద్దరు పసిపిల్లలుండేరు, ఆళ్లని కాదని కుక్కనెక్కించమని ఎలాగంటాను? అరుగుమీద నించున్నాడు. ఉండరా పండూ, ఇప్పుడే వచ్చేస్తానన్నాను. నేను ఉండమంటే ఉంటాడు బాబూ, కదలడు. అదే నా బెంగంతా. నీళ్లు మెడదాకా వచ్చినా నా మాటకోసం అలాగే నించుని పోయేడేమోనని, ఈ మూడేళ్లూ అదే కళ్లముందు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే."

సత్తిరాజు తుమ్మముల్లు ఒకటి తీసి నేలమీద గీతలు గీస్తున్నాడు.

"నా మాట కాదని ఈదుకుంటా వచ్చేసేడన్నమాట. మంచి పని చేసేడు, ఎదవ." ఏడుస్తూనే నవ్వింది. "మీరు కడుపునిండా పెట్టేరు. గోరు తీసేరు. మీ ఒళ్లో కాలెట్టేడంటే మిమ్మల్ని నమ్మేడు బాబూ. మీ రుణం తీర్చుకోలేను." వంగి సత్తిరాజు చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

చెప్పెయ్యొచ్చు. షెడ్డు తలుపు ఎంతో దూరం లేదు. లేవబోయాడు. అప్పుడు రేపటి సాయంత్రం గుర్తొచ్చింది. మేత చల్లడం అయ్యాక గట్టుమీద తను, చెరువు, అంతే. మళ్లీ చతికిలబడ్డాడు.

దీనమ్మ సంచిలోంచి బన్నురొట్టె తీసి మట్టికుప్ప మీద పెట్టింది. మూడు గుప్పిళ్ల మట్టి తీసి కుప్ప మీద వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. లేవలేకపోతుంటే సత్తిరాజే రెక్క పట్టుకుని లేపాడు. ఆటో దాకా దిగబెట్టి వచ్చాడు.

ఏరియేటర్లు ఆపేసి షెడ్డు తలుపు తీశాడు. దొర ఆయనవంక చూడనైనా లేదు. ముక్కు నేలకి ఆనించి, ఆవిడ నడిచిన గట్టంతా పరిగెత్తింది. ఆటో ఆగిన చోటుదాకా వెళ్లింది, తిరిగి వచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి ఆ మట్టికుప్ప దగ్గరికి వచ్చి, ఆవిడ చెయ్యి ఆనించిన చోట మొహం పెట్టి పడుకుంది. తన గొయ్యి మీద తనే.

బన్నురొట్టె ముట్టలేదు. సాయంత్రం చేపముక్క వేసిన అన్నం పెడితే ముట్టలేదు. మర్నాడు గుడ్డు పెట్టాడు, మూడోనాడు పెరుగన్నం కలిపాడు, నాలుగోనాడు వెన్న నాలిక్కి రాశాడు. తల తిప్పుకుంది. పిలిస్తే చెవి కూడా కదపదు. ముక్కు ఎండిపోయింది. ఇన్నాళ్లూ లేనిపోని జబ్బులన్నీ చెప్పి ఊరందర్నీ అడిగిన మనిషి, నిజం జబ్బు వచ్చేసరికి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఎవర్ని అడుగుతాడు? చచ్చిపోయిన కుక్క అన్నం తినడం లేదండీ, ఏం చెయ్యమంటారండీ అనా?

గ్రూపులో ఎవరో కూనకి ఎక్కిళ్లు వస్తున్నాయంటున్నారు. సత్యవాణిగారు సలహా చెబుతున్నారు. సత్తిరాజు రికార్డు బొత్తాం నొక్కాడు. వదిలాడు. మళ్లీ నొక్కాడు. గాలి చప్పుడు తప్ప ఏమీ పంపలేకపోయాడు.

దొర పక్కటెముకలు కనబడుతున్నాయి. ఇంకొక్క రోజు ఇలాగే ఉంటే తనాడిన అబద్ధం నిజమవుతుంది. ఆ మాట అప్పుడు తట్టింది సత్తిరాజుకి. మట్టికుప్ప పక్కనే కూలబడి లావణ్యకి ఫోన్ చేశాడు. అమ్మమ్మగారికి ఇమ్మన్నాడు.

"అమ్మా, నేనండి. సత్తిరాజునండి."

"చెప్పండి బాబూ."

"మీ పండు బతికే ఉన్నాడండి." ఇక ఆగలేదు. "పాము లేదు, ఏం లేదండి. ఆ రోజు షెడ్డులో కట్టేసేనండి. మీరెళ్లిన కాణ్నించీ ముద్ద ముట్టటం లేదండి. ఏం పెట్టమంటారండీ? ఏం పెడితే తింటాడండీ?"

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. పెట్టేసిందేమోనని సత్తిరాజు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాడు. పెట్టెయ్యలేదు.

"నాచేత ఉత్త మట్టికి ప్రార్థన చేయించేవా?"

ఇందాకటి మీరు ఇప్పుడు నువ్వయింది.

"ఆయ్" అన్నాడు.

"నీకు చేతులెలా వచ్చినియ్యిరా?"

"ఒక్కణ్నేనండి ఇక్కడ. ఇంకెవరూ లేరండి." అదొక సమాధానమేనా? ఆయనకి తెలిసిన సమాధానం అదొక్కటే.

అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది. తర్వాత ఆవిడ గొంతు మారింది.

"ఫోన్ ఆడి చెవికాడ పెట్టు."

సత్తిరాజు స్పీకరు నొక్కి, మట్టికుప్ప మీద దొర చెవి పక్కన ఫోన్ పెట్టాడు.

"పండూ" అంది దీనమ్మ. "ఒరే పండూ. వచ్చేస్తానన్నాను కదరా. వస్తన్నాను. తిను నాన్నా, తిను."

దొర తల ఎత్తింది. ఫోన్ వంక చూసింది, దారివంక చూసింది, గట్టున ఎవరూ లేరు. తోక మట్టిని టపటపా కొట్టింది. సత్తిరాజు అన్నంగిన్నె ముందుకి జరిపాడు. ముందు వాసన చూసింది. తర్వాత తినడం మొదలుపెట్టింది. ఆబగా, గిన్నె నేలమీద జరిగిపోతుంటే దానివెంట తనూ జరుగుతూ తింటోంది. గిన్నె కదలకుండా సత్తిరాజు రెండు చేతులా పట్టుకున్నాడు.

"తింటన్నాడా?"

"తింటన్నాడండి."

"పొద్దున్నే వస్తాను. తీసుకెళ్లిపోతాను."

"ఆయ్. రండి." ఏడుపు దాచుకోవాలని కూడా ఆయనకి తోచలేదు. "అమ్మా... ఆడికేదన్నా నలత చేస్తే, ఉత్త తుమ్మొచ్చినా పరవాలేదండి, నాకోసారి ఫోన్ చేసి చెప్తారాండీ?"

"ముందు ఆణ్ని తిననీ" అంది దీనమ్మ.